నంది కొండ ఘాట్ రోడ్డుకి తిరుమల టైం రూలు పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ బెంగళూరు ఎడిషన్‌లో శని ఆదివారాలు ఎక్కడికెళ్ళొచ్చో చెప్పే పేజీలో నంది కొండ తరచూ కనబడుతుంది. తెల్లారుజామున కాళ్ళ కింద పరుచుకునే మబ్బులు, టిప్పు డ్రాప్ అనే కొండ అంచు, కొండ కింద భోగ నందీశ్వరుడి గుడి, అన్నీ చక్కగా రాస్తారు. ఆ కొండెక్కే రోడ్డు గురించి మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం ఆ రోడ్డు గురించే, అక్కడ రెండు మార్పులు కోరుతూ: తిరుమల ఘాట్‌లో లాగా పెట్టిన టైం కంటే ముందే చేరిన బండికి జరిమానా, నెలకి ఒక ఆదివారం పొద్దున కార్లూ బైకులూ లేని రోడ్డు. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదివి వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది కడప జిల్లా కమలాపురం దగ్గర, ఉద్యోగం కోసం వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. వారమంతా ఆఫీసు, సెలవు రోజు పొద్దున సైకిల్. గేర్లున్న సన్న టైర్ల సైకిల్, రోడ్ బైక్ అంటారు. బెంగళూరులో ఇట్లా తొక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో మన తెలుగువాళ్ళకి కొదవ లేదు, కర్నూలు వాళ్ళు, గుంటూరు వాళ్ళు, విజయనగరం వాళ్ళు కూడా మా బ్యాచ్‌లోనే ఉన్నారు. వీళ్ళలో కొత్తగా ఎవరు చేరినా అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "నంది ఎక్కావా?" అని. ఊరి మధ్య నుంచి అరవై కిలోమీటర్లు. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి, యలహంక మీదుగా ఎయిర్‌పోర్టు రోడ్డు పట్టుకుని, దేవనహళ్ళి దాటాక పెద్ద రోడ్డు వదిలేసి ఎడమకి తిరిగితే అక్కడి నుంచి ద్రాక్ష పందిళ్ళు, పూల తోటలు, ఎదురుగా కొండ. చీకటితో బయల్దేరితే తెల్లారేసరికి కొండ మొదట్లో ఉంటాం.

కొండ ఎత్తు సముద్ర మట్టం నుంచి 1,478 మీటర్లు. బెంగళూరే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది కాబట్టి అంతా ఎక్కాల్సిన పని లేదు, కానీ చివరి ఏడెనిమిది కిలోమీటర్లలోనే 400 మీటర్లకు పైగా ఎక్కాలి. మలుపు తర్వాత మలుపు. మొదట్లో పర్వాలేదనిపిస్తుంది, సగం దాటాక ఒక్కో మలుపు లోపలి అంచు గోడలా నిలబడుతుంది, చిన్న గేరులో వేసినా సైకిల్ నడక స్పీడులోనే కదులుతుంది. అయినా ఎందుకెక్కుతారంటే ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. ఇంకో సంగతి, మన పెన్నా నది పుట్టేది ఈ కొండల గుంపులోనే. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి, మా కమలాపురం దగ్గర పెన్నలో కలిసే పాపాఘ్ని కూడా ఇక్కడివే. మా ఊరి ఏటి నీళ్ళు ఈ కొండల మీద పడ్డ వానే అని తెలిశాక నాకు ఈ కొండ మీద అభిమానం ఇంకా పెరిగింది.

అసలు విషయానికి వస్తాను. శని, ఆదివారాలు తెల్లవారుజామున ఆ రోడ్డు మీద జరిగేది చూస్తే భయమేస్తుంది. సూర్యోదయం పైనుంచి చూడాలని నగరం నుంచి కార్లు, బైకులు బారులు తీరతాయి. గేటు తీయడానికి చాలా ముందే క్యూ ఉంటుంది. గేటు తీశారంటే ఇక పరుగే, ఎందుకంటే సూర్యుడు ఎవరి కోసమూ ఆగడు, పైన పార్కింగ్ జాగా కూడా తక్కువే. ఆ తొందరలో మలుపు దగ్గర కూడా ఓవర్‌టేక్ చేస్తారు. ఎదురుగా ఏం వస్తుందో కనపడదు, పొగమంచు ఉన్న రోజుల్లో అయితే పది అడుగుల అవతల ఉన్నదే కనపడదు. హారన్ కొడితే చాలు, అవతలివాళ్ళు తప్పుకుంటారనే ధీమా. సైకిల్ మీద ఎక్కుతున్నవాడు ఎక్కడికి తప్పుకోవాలి? ఎడమ పక్క కాలువో, కంకరో, పిట్టగోడో ఉంటుంది.

మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు, నెమ్మదస్తుడు, రూల్ తప్పడు. హెల్మెట్, వెనక ఎర్ర బ్లింకర్, ముందు తెల్ల లైటు, మెరిసే జాకెట్ అన్నీ ఉన్నాయి. పై మలుపుల్లో ఒకచోట పెద్ద కారు ఒకటి ఇంకో కారుని దాటబోయి ఎదురుగా బైకు వచ్చేసరికి ఎడమకి లాగింది. తగల్లేదు. అద్దం వీడి మోచేతికి రెండు వేళ్ళ దూరంలో పోయింది. కానీ ఆ గాలికీ ఆ బెదురుకీ ముందు చక్రం కంకరలో పడి జారింది, భుజం మీద పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. కారు ఆగలేదు. వాడిని కూర్చోబెట్టి చెయ్యి ఛాతీకి ఆనించి తువ్వాలుతో కట్టి, కిందికి దిగే బండి కోసం చూస్తున్నంతసేపూ మా పక్క నుంచి అదే స్పీడులో ఎన్ని కార్లు పోయాయో. చివరికి ఒక టెంపో డ్రైవర్ అన్న ఆపి దించాడు. ఆ అన్న ఒక మాటన్నాడు, "కొండ తెలిసినోడు ఎవడూ ఇట్లా తోలడు సార్" అని. ఆయన చింతామణి వైపు మనిషి, తెలుగే మాట్లాడాడు.

ఆయన మాట నిజమని నాకనిపిస్తుంది. చాలామందికి ఘాట్‌లో బండి నడపడమంటే ఏంటో తెలియదు, ఎవరూ చెప్పలేదు. దిగేటప్పుడు బండ్ల పక్క నుంచి పోతుంటే బ్రేక్ లైనింగ్ మాడిన వాసన ముక్కులు బద్దలయ్యేలా వస్తుంది. అంటే ఏంటి, పైనుంచి కిందిదాకా బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతున్నారు. లోడు లారీ తోలే మన రాయలసీమ డ్రైవర్లని అడగండి, దిగుడులో చిన్న గేరులో వేసి ఇంజిన్ పట్టు మీదే బండిని దించాలని, బ్రేకు అప్పుడప్పుడూ నొక్కి వదలాలని వెంటనే చెబుతారు. అదే పనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. సైకిల్‌కీ ఇదే వర్తిస్తుంది. మేమూ మలుపు రాకముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలి, బయటివైపు పెడల్ కిందికి నొక్కి పట్టుకుని తిరుగుతాం. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని పట్టి ఆపే బ్రేకులు ఉన్న సైకిల్‌ని కొండ పొడవునా బ్రేకు నొక్కే దించితే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలిపోయే ప్రమాదం ఉంది. కొత్తగా వచ్చే పిల్లలకి మేం మొదట నేర్పేది ఎక్కడం కాదు, దిగడం.

ఎక్కే సైకిల్‌కి పక్కన ఎందుకు ఎక్కువ జాగా వదలాలో కూడా చెప్పాలి, ఇది కారులో ఉన్నవాళ్ళకి తట్టదు. సైకిల్ వేగంగా పోతున్నప్పుడు తిన్నగా పోతుంది. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది, సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే సైకిలే అటూ ఇటూ ఊగుతుంది. అది ఆకతాయితనం కాదు, ఆ వాలులో ఎవరు తొక్కినా అంతే. అందుకే జర్మనీలో 2020 నుంచి సైకిల్‌ని దాటే కారు ఊళ్ళో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్ల ఎడం వదలాలని చట్టమే చేశారు. మనకి ఇక్కడ రెండు మీటర్లు వదలడానికి రోడ్డే లేదంటారేమో, లేకపోతే ఆగాలి, మలుపు దాటి తిన్నటి దారి వచ్చాక దాటాలి, అంతే కదా. అరనిమిషం పని.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. కేంద్రం 2017లో తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, కొండ దారిలో రెండు బండ్లు దాటుకునేంత వెడల్పు లేనిచోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ముందు రోడ్డు కనపడని మలుపులో ఓవర్‌టేక్ చేయకూడదు. లైసెన్స్ ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సినవే ఇవి. కానీ నంది కొండ మీద మలుపు మలుపుకీ ఒక పోలీసుని పెట్టడం ఎవరివల్లా కాదు, పెట్టమని నేను అడగను కూడా. నేను అడిగేది దానికంటే తేలికైనది, మన తెలుగువాళ్ళందరికీ తెలిసినదే.

తిరుమల ఘాట్ రోడ్డు. మీలో చాలామంది సొంత కారులో వెళ్ళే ఉంటారు. అలిపిరి దగ్గర బండి ఎన్నింటికి బయల్దేరిందో నమోదవుతుంది, పైన చూస్తారు, పెట్టిన సమయం కంటే ముందే చేరితే స్పీడుగా వచ్చినట్టే లెక్క, జరిమానా. దిగేటప్పుడూ అంతే. ఎంత పెద్ద కారైనా, ఎవరి మనిషైనా, గడియారం అందరికీ ఒకటే. కెమెరాలు, స్పీడ్ గన్నులు, ఛేజింగులు ఏమీ అక్కర్లేదు. ఒక చీటీ, రెండు గేట్లు, అంతే. అక్కడ ఎక్కడానికో దారి, దిగడానికో దారి విడివిడిగా ఉండి కూడా ఈ రూలు పెట్టారు. నంది కొండకి బండ్లు పోయేది ఒకే దారి, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందులోనే. మరి ఇక్కడ ఇంకెంత అవసరం?

లెక్క చూడండి. కొండ మొదలు నుంచి పైదాకా ఏడున్నర కిలోమీటర్లు అనుకుందాం. గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో ఎక్కితే పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ మలుపుల్లో ముప్పై అంటే తక్కువేమీ కాదు, కుటుంబంతో వచ్చినవాళ్ళు హాయిగా కొండని చూసుకుంటూ పోయే వేగం. ఎవరైనా ఎనిమిది నిమిషాల్లో పైకి చేరారంటే సగటున యాభై ఐదుకి పైనే తోలినట్టు, మలుపుల మధ్య ఇంకెంత తొక్కారో ఊహించుకోవచ్చు. కింద చెక్‌పోస్టులో టికెట్ మీద టైం వేయడం, పైన గేటు దగ్గర చూడటం, ఇదంతా ఇప్పుడున్న మనుషులతోనే అయ్యే పని. ఇప్పుడెలాగూ వాహనాల టికెట్ తీసుకుంటున్నాం.

దీనికో ఇబ్బంది ఉంది, దాచను. తిరుమల దారిలో కూడా కొందరు స్పీడుగా వచ్చేసి, టైం కోసం గేటుకి కాస్త ముందు పక్కన ఆపుకుని కూర్చుంటారు. నంది మీద అలా మలుపుల్లో ఆపితే ఇంకో ప్రమాదం. కాబట్టి టైం రూలుతో పాటు దారిలో ఎక్కడా ఆపకూడదనే రూలూ గట్టిగా ఉండాలి. ఇప్పుడే సెల్ఫీల కోసం మలుపుల్లో ఆపేస్తున్నారు, తలుపు రోడ్డు వైపు తెరుస్తున్నారు, కోతులకి బిస్కెట్లు వేస్తున్నారు, ఆ కోతులు రోడ్డు మధ్యకి వస్తున్నాయి. ఆపుకోవడానికి సరైన చోటు ఒకటో రెండో చూపించి మిగతా అంతా నో పార్కింగ్ చేస్తే ఇదీ తగ్గుతుంది.

తిరుమల రూలు నందికేంటి అని నవ్వేవాళ్ళకి ఒక మాట. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. ఆ దారి ప్లాను వేయడంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి చెయ్యి ఉంది. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి ఎక్కడుంది? ఈ నంది కొండ కిందే, చిక్కబళ్ళాపురం పక్కన. ఆయన పూర్వీకులు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చినవాళ్ళు. ముద్దేనహళ్ళి మీదుగా సైకిల్ మీద వెళ్ళిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తుంది. అక్కడి ఘాట్‌కి దారి చూపిన మనిషి సొంత కొండకి అక్కడి క్రమశిక్షణ తేవడంలో తప్పేముంది?

ఇక నా రెండో కోరిక. నెలకి ఒక్క ఆదివారం, తెల్లారింది మొదలు తొమ్మిదింటి దాకా, ఆ ఏడెనిమిది కిలోమీటర్లు కార్లూ బైకులూ లేకుండా వదలండి. సైకిళ్ళు, నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, వాళ్ళతో పాటు పైకి పోయే ఆర్టీసీ బస్సు. బస్సుని ఆపమని అనను, అది మామూలు జనం బండి, డ్రైవర్లు కూడా జాగ్రత్తగా తోలతారు. ఇది కొత్త సంగతేం కాదు. మన బెంగళూరులోనే కబ్బన్ పార్కు లోపలి రోడ్లని ఆదివారాలు బండ్లకి మూసేస్తున్నారు, పిల్లలు హాయిగా సైకిల్ నేర్చుకుంటున్నారు, అందువల్ల ఊరేమీ ఆగిపోలేదు. ఇటలీ వాళ్ళు డోలమైట్స్ కొండల్లో సెల్లా, గార్దెనా, పొర్దోయ్, కంపొలొంగో అనే నాలుగు కనుమల్ని కలిపే దారిని ఏటా ఒకటి రెండు రోజులు సైకిళ్ళకే వదులుతారు. 2,700 మీటర్లకు పైన ఉండే స్టెల్వియో కనుమని కూడా ఏటా ఒక రోజు అలాగే మూస్తారు, ఆ రోజు అక్కడికి ముసలివాళ్ళు, పిల్లలు, బ్యాటరీ సైకిళ్ళ వాళ్ళు అందరూ వస్తారు. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, అంత ఖర్చు పెట్టమని కూడా నేను అడగడం లేదు. ఉన్న రోడ్డుకి ఉన్న గేటుని మూడు గంటలు వేయమంటున్నాను.

టూరిస్టులకి అన్యాయం అంటారు. వాళ్ళ కార్లు కొండ కింద ఆపుకుని బస్సులో పోవచ్చు, సుల్తాన్‌పేట వైపు నుంచి మెట్లదారి కూడా ఉంది. నెలలో మిగతా ఆదివారాలన్నీ వాళ్ళవే. కొండ కింద చిన్న వ్యాపారాలకి దెబ్బ అని ఇంకొందరంటారు. ఈ మాట విని నేను అక్కడ చెనిక్కాయలు అమ్మే అవ్వనే అడిగాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గుడిబండ అంతా తెలుగు నేలే కదా, ఆమె తెలుగు మా కడప తెలుగుకి దగ్గరగా ఉంటుంది, మధ్యలో కన్నడం కలుస్తుంది. సైకిల్ గోడకి ఆనించి, ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒక శేరు పొట్లం కట్టించుకుని, "అవ్వా, కార్లు రాకపోతే నీ బేరం పోదా?" అన్నాను. "కార్లోళ్ళు అద్దం దించేది లేదు నాయనా, జుయ్యిమని పోతారు. మీ సైకిలోళ్ళే నిలబడి తింటారు" అంది. పొట్లంలో ఇంకో గుప్పెడు కొసరు కూడా వేసింది. కార్లు కింద ఆగితే, బస్సు కోసం జనం పదినిమిషాలు నిలబడితే, ఆమెకీ పక్కన జొన్న పొత్తులు కాల్చే ఆయనకీ దోసకాయ ముక్కలమ్మే ఆమెకీ బేరం పెరుగుతుంది కానీ తగ్గదు.

ఇంకొకటి, ఆ కొండ కూడా ఎంత బరువని మోస్తుంది? 2021 ఆగస్టులో వానలకి కొండచరియ విరిగి ఆ రోడ్డే తెగిపోయింది, నెలల తరబడి మూసేశారు. ఉన్న ఒక్క దారి, అది మట్టీ బండరాళ్ళూ కలిసిన వాలు మీద ఉంది. దాని మీద వారం వారం వేల కార్లు ఎక్కించడం గురించి ఇంజినీర్లు మాట్లాడాలి, నేను సైకిల్ వాణ్ణి, అయినా అడగాలనిపిస్తోంది.

సైకిల్ తొక్కేవాళ్ళం మాత్రం ఏమీ చేయక్కర్లేదని నేననను. కొందరు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన రోడ్డంతా ఆక్రమిస్తారు, అది మానాలి, ఘాట్‌లో ఒకరి వెనక ఒకరే. చీకట్లో లైటు లేకుండా రావద్దు. దూరాల రైడ్లు, బ్రెవేలు అంటారు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, వాటిలో ముందూ వెనకా లైట్లు, రాత్రిపూట మెరిసే జాకెట్ లేకపోతే పోనివ్వరు, అదే పద్ధతి మామూలు రైడ్లలో కూడా పాటించాలి. దిగుడులో రికార్డులు కొట్టాలనుకునే కుర్రాళ్ళు ఎదురొచ్చే పిల్లల కారుని తలుచుకోవాలి. టైం చీటీ దిగే సైకిళ్ళకీ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, మా బ్యాచ్ మొత్తం ఒప్పుకుంటుంది.

ఈ ఉత్తరం ఆంధ్ర వైపు పాఠకులు కూడా చూస్తే మంచిది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌కి, పాతవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అనే దానికి, బెంగళూరు నుంచి సైకిల్ మీద పోయేవాళ్ళు పెరుగుతున్నారు. పన్నెండు వందల మీటర్ల పైన ఉన్న కొండ, చెట్ల నీడలో ఘాట్, ఇంకా నంది అంత రద్దీ లేదు. రద్దీ రాకముందే అక్కడ ఈ రెండు పద్ధతులూ మొదలుపెడితే చాలా సులువు. జనం స్పీడుకి అలవాటుపడ్డాక రూలు పెట్టడం కష్టం, మొదటి నుంచీ ఉంటే ఎవరూ అడగరు.

చిక్కబళ్ళాపురం జిల్లా అధికారులకి కన్నడంలో ఒక అర్జీ రాసి, మా బ్యాచ్ వాళ్ళ సంతకాలతో ఇవ్వబోతున్నాం. నడకకి వచ్చేవాళ్ళు, కొండ కింద ఊళ్ళవాళ్ళు, కారులో వచ్చే కుటుంబాలు కూడా సంతకం పెడితే దానికి బలం వస్తుంది. కారులో వచ్చేవాళ్ళ సంతకాలే ఎక్కువ కావాలి మాకు. మీ పత్రికకి నా విన్నపం ఇంకా చిన్నది. ఈసారి నంది కొండ గురించి రాసేటప్పుడు సూర్యోదయం ఎన్నింటికి అని వేసే చోటే ఇంకో మూడు వాక్యాలు వేయండి: దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, మలుపులో ఎవరినీ దాటకండి, ఎక్కే బండికి, అది సైకిల్ అయినా సరే, దారివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు